పుస్తకపఠనం, వివేకం, ధైర్యం: ఒడిశా సరిహద్దు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురంలోని మా ఇంటి వసారాలో రెండు చెక్క బీరువాల పుస్తకాలున్నాయి. ఆదివారం సాయంత్రాలు వీధివారు, బంధువులు, అప్పుడప్పుడు పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి వచ్చినవారు పుస్తకాలు పట్టుకెళ్తారు, తెచ్చి ఇస్తారు, ఆ మధ్యలో సందేహాలు అడుగుతారు. ఇన్నేళ్ళుగా వింటున్న సందేహాలు ఇంచుమించు అవే కాబట్టి, అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలు రాసి, నాకు తోచిన జవాబులు కింద పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది. మీకు కావలసిన చోట తెరిచి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

పుస్తకాలు చదివితే నిజంగా తెలివి పెరుగుతుందా, లేక అది పెద్దలు ఊరికే అనే మాటా?

సమాచారం తప్పకుండా పెరుగుతుంది. వివేకం మాత్రం దానంతట అది పెరగదు. ఒక మనిషి తన జీవితంలో మహా అయితే రెండు మూడు ఊళ్ళు, రెండు మూడు ఉద్యోగాలు, ఒక కుటుంబం చూస్తాడు. అప్పుల్లో కూరుకుపోయిన రైతు ఏం ఆలోచిస్తాడో, భర్త పోయిన స్త్రీ ఇల్లు ఎలా నడుపుతుందో, తప్పు చేసిన అధికారి తనకు తాను ఏం సర్దిచెప్పుకుంటాడో అవన్నీ స్వయంగా అనుభవించి తెలుసుకోవాలంటే ఒక జన్మ చాలదు. పుస్తకం ఆ అనుభవాలను, వాటి మూల్యం మనచేత కట్టించకుండా, మన ముందు పెడుతుంది. అయితే పెట్టినదాన్ని మన జీవితంతో పోల్చి చూసుకునే పని మనదే. ఆ పని చేయనివాడు వెయ్యి పుస్తకాలు చదివినా వెయ్యి పుస్తకాల పేర్లు తెలిసినవాడిగానే మిగులుతాడు.

మా తాతకు సంతకం కూడా రాదు, అయినా ఊరంతా సలహాకు ఆయన దగ్గరికే వచ్చేవారు. మరి పుస్తకం ఎందుకు?

మీ తాతగారి వంటివారిని నేనూ చూశాను, వారి ముందు నా చదువు చిన్నదని చాలాసార్లు అనిపించింది. అయితే ఆయన దగ్గర ఉన్నది కూడా విన్న విద్యే: కథలు, సామెతలు, పంచాయతీల్లో కూర్చుని విన్న వాదాలు. చెప్పేవారు, వినేవారు ఒకే అరుగు మీద ఉన్నంత కాలం ఆ విద్యకు కాగితం అవసరం లేకపోయింది. ఇప్పుడు ఆ అరుగు లేదు. మనవడు సూరత్‌లోనో హైదరాబాదులోనో ఉన్నాడు.

మన ప్రాంతంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, చుట్టుపక్కల కొండల్లోని సవరల నోట విని వారి భాష నేర్చుకున్నారు. ఆ తరవాత అదే భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చి అచ్చువేయించారు. అంత పండితుడికి గురువులు అక్షరం రాని కొండవారు. నోటి నుంచి పుస్తకంలోకి వెళ్ళినది మళ్ళీ మరొకరి నోటికి చేరాలి. పుస్తకం మధ్యలో ఉన్న భద్రమైన డబ్బా మాత్రమే. మీ తాతగారు చెప్పినవి ఎవరైనా రాసిపెట్టారా?

నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పట్టేస్తుంది. చదివితే ధైర్యం వస్తుందా?

ఇది అందరికంటే ఎక్కువగా డిగ్రీ చదివే పిల్లలు అడుగుతారు, కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను. చాలామంది జంకు పిరికితనం వల్ల వచ్చినది కాదు, మాట దొరకకపోవడం వల్ల వచ్చినది. చెప్పవలసినది లోపల ముద్దలా ఉంటుంది. దానికి తగిన మాట సమయానికి నాలుక మీదికి రాదు. మౌనంగా చదివితే మాటలు కంటికి పరిచయమవుతాయి తప్ప నాలుకకు కావు. అందుకే ధైర్యం కోసం చదివేవారు రోజూ ఒక పేజీ పైకి చదవాలి, ఆపైన పుస్తకం మూసి అందులో ఏముందో ఇంట్లో ఎవరికో ఒకరికి చెప్పాలి. మా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నప్పుడు చదివిన కథ చెప్పేది. అమ్మమ్మ మధ్యలో "అది కాదే, వాడు ముందు ఎందుకు వెళ్ళిపోయాడో చెప్పు" అని ఆపేది. ఆ ఆపడమే ఆ పిల్లకు దొరికిన శిక్షణ. మొదట్లో వెనక్కి వెళ్ళి వెతుక్కునేది. కొన్ని నెలలకు, అడగక ముందే కారణం చెప్పి కథ ముందుకు నడపడం వచ్చింది. కళాశాలలో సెమినారు రోజున ఆమెకు వణుకు తగ్గిందో లేదో నాకు తెలియదు గాని, మధ్యలో ప్రశ్న వేసినప్పుడు మాత్రం తడబడలేదని ఆమే చెప్పింది.

రెండో రకం ధైర్యం విషయం తెలియడం వల్ల వస్తుంది. మా వీధి దర్జీ ఒకాయన ఒక కార్యాలయం చుట్టూ ఏడాదిపాటు తిరిగారు. వెళ్ళిన ప్రతిసారీ "రేపు రా" అనే జవాబే. సమాచార హక్కు చట్టం మీద ఉన్న ఒక చిన్న పుస్తకం ఆయన మా బీరువాలోంచి తీసుకెళ్ళి, కుట్టుమిషను మీద పెట్టుకుని రెండు వారాలు చదివారు. 2005 నాటి ఆ చట్టం ప్రకారం దరఖాస్తుకు మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని, ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చని ఆయనకు అందులో తెలిసింది. తరవాత వెళ్ళినప్పుడు ఆయన గొంతు పెంచలేదు, దరఖాస్తు కాగితం బల్ల మీద పెట్టి రసీదు అడిగారు, అంతే. ధైర్యమంటే ఇంత నిమ్మళంగా ఉంటుందని నేను అప్పుడే చూశాను.

నేను ఒడియా మీడియంలో చదివాను. తెలుగు మాట్లాడతాను గాని చదవలేను. ఇప్పుడు నేర్చుకోవడం కుదురుతుందా?

కుదురుతుంది, పైగా మీరు సగం దారి నడిచేశారు. ఒడియా, తెలుగు లిపులు రెండూ బ్రాహ్మి నుంచి వచ్చినవే. అక్షరాల వరుస ఒకటే. అ, ఆ, ఇ, ఈ తరవాత క, ఖ, గ, ఘ అని వల్లించడం మీకు కొత్త కాదు. గుణింతం, వత్తు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మారినదల్లా రూపం: ఒడియా అక్షరానికి నెత్తిన గొడుగు లాంటి వంపు ఉంటుంది, తెలుగు అక్షరానికి తలకట్టు ఉంటుంది. ఒడియా "ఠ" ఒట్టి సున్నలా ఉంటుంది. ఆ సున్నలో చుక్క పెట్టి తలకట్టు తగిలిస్తే తెలుగు "ఠ" అవుతుంది.

ఇబ్బంది పడే చోట్లు మూడు. ఒడియాలో ఎకార ఒకారాలకు హ్రస్వ దీర్ఘ భేదం లేదు కాబట్టి ఎ, ఏ అనేవీ ఒ, ఓ అనేవీ మీకు మొదట ఒకటిగానే కనిపిస్తాయి. "చెరువు", "చేను", "కొడి", "కోడి" వంటి మాటలు జతలుగా రాసుకుని సాధన చేయండి. రెండోది, ఒడియావారు శ, ష, స మూడింటినీ దాదాపు ఒకేలా పలుకుతారు. తెలుగులో వేరుగా పలకడం, రాయడం చెవికి అలవాటు కావాలి. మూడోది, ఒడియాలో అకారం కొంచెం ఒకారం వైపు ఒరుగుతుంది. "జళ" అని రాసి "జొళొ" అంటారు. తెలుగులో రాసినట్టే పలుకుతారు. రోజుకు అరగంట కూర్చున్న ఒకాయన ఆరు వారాల్లో బస్సు మీద పేరు చదివారు, మూడు నెలల్లో చిన్న కథ చదివారు. ఆయనకు అప్పుడు 47 ఏళ్ళు.

మరి ఏ భాషలో చదవాలి: తెలుగా, ఒడియానా, ఇంగ్లీషా?

మీకు ఏ భాషలో చదివితే వేళ్ళు పేజీ తిప్పడానికి తొందరపడతాయో ఆ భాషలో మొదలుపెట్టండి. సరిహద్దులో పుట్టినందుకు మనకు రెండు సాహిత్యాలు అప్పనంగా దొరికాయి. ఒకదాన్ని వదులుకుని రెండోదానికి మేలు చేస్తున్నామనుకోవడం అనవసరం.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు నాలుగు చదివితే ఆత్మవిశ్వాసం రాదా?

చదివిన రాత్రి వస్తుంది, మర్నాడు పదిగంటలకు పోతుంది. ఇది నా అభిప్రాయమే. మీకు అవి ఉపయోగపడి ఉంటే వాదించను. ఆ పుస్తకాల్లో చాలావాటికి ఉన్న చిక్కు ఏమిటంటే, అవి నిర్ణయాలు చెబుతాయి గాని ఆ నిర్ణయానికి రావడానికి మనిషి పడిన సతమతం చూపించవు. ఒక మంచి ఆత్మకథలో రచయిత తప్పటడుగు వేస్తాడు, సిగ్గుపడతాడు, మళ్ళీ లేస్తాడు, ఆ లేవడానికి ఎంత కాలం పట్టిందో కూడా మనకు తెలుస్తుంది. అది చదివినవాడికి తన తప్పటడుగు మీద అంత భయం ఉండదు. నాలుగు వికాస గ్రంథాలు కొనే డబ్బుతో ఒక ఆత్మకథ, ఒక కథల సంపుటి, ఒక చరిత్ర పుస్తకం కొనమని చెబుతాను.

## మొదటి నెలల్లో

ఉదయం దుకాణం, రాత్రి లెక్కలు. నాకు చదివే తీరిక ఎక్కడిది?

రోజుకు పది పేజీలు చదివితే నెలకు 300 పేజీలు. 150 పేజీల పుస్తకాలైతే నెలకు రెండు, ఏడాదికి 24. పది పేజీలకు కావలసినది పదిహేను ఇరవై నిమిషాలు. ఆ సమయం ఖాళీగా దొరకదు, దానికొక చోటు కేటాయించాలి. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూరు వెళ్ళే రైలులో వారానికి రెండుసార్లు ప్రయాణించే ఒక మందుల ప్రతినిధి తన చదువంతా ఆ బండిలోనే సాగిస్తారు. ఇంట్లో ఆయన పుస్తకం ముట్టుకోరు. మీకు మధ్యాహ్నం గిరాకీ సన్నగిల్లే వేళ ఉంటుంది కదా, గల్లాపెట్టె పక్కన పుస్తకం ఒకటి ఉంచి చూడండి.

రెండు పేజీలు చదివేసరికి చెయ్యి ఫోను మీదికి పోతోంది.

ఫోను వేరే గదిలో పెట్టండి. నా దగ్గర ఇంతకంటే సూక్ష్మమైన ఉపాయం లేదు.

మొదలుపెట్టిన పుస్తకం నచ్చకపోయినా చివరిదాకా చదవాలా?

అక్కరలేదు. యాభై పేజీలు ఓపిక పట్టండి, అప్పటికీ లోపలికి లాగకపోతే మూసేయండి. అన్నం వృథా చేయకూడదన్న నియమం పుస్తకాలకు వర్తించదు. అయితే పుస్తకం విసుగు పుట్టిస్తోందా, లేక మనం వినడానికి ఇష్టపడని విషయం చెబుతోందా అన్నది ఒకసారి తరచి చూసుకోవాలి. మొదటిదైతే వదిలేయండి, రెండోదైతే ఇంకొంచెం కూర్చోండి.

పాత పుస్తకాల భాష కొరుకుడు పడడం లేదు. ఎలా చదవాలి?

ముందుగా కళ్ళకు అడ్డుపడే గుర్తులు తెలుసుకోండి. అరసున్న కనిపిస్తే చదివేటప్పుడు దాన్ని పలకనక్కరలేదు. బండి "ఱ" కనిపిస్తే "ర" అనుకుని సాగిపోవచ్చు. సంధులు కలిసిపోయి మాట పొడవుగా ఉంటే గొంతెత్తి చదవండి, కన్ను విడదీయలేనిదాన్ని చెవి విడదీస్తుంది. అర్థానికి ఆంధ్రభారతి జాలస్థలిలో చాలా నిఘంటువులను ఒకేచోట వెతుక్కోవచ్చు. అర్థం కాని ప్రతి మాటకూ ఆగవద్దు, పేజీకి రెండు చాలు.

ఈ కష్టం పాఠకుడి లోపం కాదని మొట్టమొదట గట్టిగా వాదించినవారు మన సరిహద్దువారే. 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి, పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషకూ బడి పుస్తకాల భాషకూ అంత దూరం ఎందుకుండాలని ప్రశ్నించి, వాడుక భాష కోసం జీవితాంతం పోరాడారు. ఆయన పుట్టినరోజే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. కాబట్టి వాడుక భాషలో వచ్చిన వచనంతో మొదలుపెట్టడానికి మీరేమీ సిగ్గుపడనక్కరలేదు; అక్కడ కాళ్ళు నిలదొక్కుకున్నాక వెనక్కి వెళ్ళవచ్చు.

చదివినదంతా వారం తిరిగేసరికి మరిచిపోతున్నాను. ఇక చదివి ఏం లాభం?

మరుపు అందరికీ ఉంది. దానికి విరుగుడు కూడా ఉంది, అది మళ్ళీ మళ్ళీ చదవడం కాదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులచేత చిన్న చిన్న వ్యాసాలు చదివించారు. కొందరిని అదే వ్యాసం మళ్ళీ చదవమన్నారు, కొందరిని వ్యాసం చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. అయిదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరవాత పెడితే, గుర్తుచేసుకుని రాసినవారు స్పష్టంగా ముందున్నారు. అంటే చదువుతున్నప్పుడు సులువుగా అనిపించేది నిలవడం లేదు, గుర్తుచేసుకోవడానికి కష్టపడినది నిలుస్తోంది.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ఒక అధ్యాయం పూర్తికాగానే పుస్తకం బోర్లా పెట్టి, పాత క్యాలెండరు కాగితం వెనుక మూడు నాలుగు వాక్యాలు రాస్తాను: రచయిత ఏమన్నాడు, ఎందుకన్నాడు, నాకు ఎక్కడ ఒప్పలేదు. రాయలేకపోతే చదవలేదన్నమాట, వెనక్కి వెళ్తాను. మీకు రాత బద్ధకమైతే నోటితో చెప్పుకోండి. అయినా కొంత పోతుంది, పోనివ్వండి. నెలక్రితం తిన్న అన్నం గుర్తులేదని ఎవరూ భోజనం మానరు.

పుస్తకంలో గీతలు గీయవచ్చా?

మీ పుస్తకంలో పెన్సిలుతో గీయండి, అంచున మీ ప్రశ్న రాయండి. అరువు పుస్తకంలో గీస్తే మాత్రం ఇంకోసారి ఇవ్వను.

ఫోనులో చదివినా, చెవిలో పెట్టుకుని విన్నా పుస్తకం చదివినట్టేనా?

కథకు, జీవితచరిత్రకు వినడం చక్కగా సరిపోతుంది. ఎంతో కాలం మన పల్లెల్లో పురాణాలు చెవి ద్వారానే చేరాయి. వాదం ఉన్న పుస్తకం, అంకెలున్న పుస్తకం, ఆగి వెనక్కి తిరగవలసిన పుస్తకం కాగితం మీద ఉంటేనే నాకు పట్టు దొరుకుతుంది. ఫోను తెర మీద పై నుంచి ఏదో సందేశం దిగితే ధ్యాస పోతుంది. చదివే సమయంలో నెట్టు ఆపేస్తే ఆ బెడద సగం తగ్గుతుంది.

## పుస్తకాలు సంపాదించడం

ఒడిశాలో ఉన్న మాకు తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

బరంపురంవారికి ఇచ్ఛాపురం రైలులో అరగంట దూరం. అవతల పలాస, శ్రీకాకుళం, విశాఖపట్నం వరసగా అదే దారిలో ఉన్నాయి. ఏదో పని మీద విశాఖ వెళ్ళేవారు బంధువుల దగ్గర ముందే చీటీలు రాయించుకుని వెళ్ళడం మా దగ్గర ఆనవాయితీ అయిపోయింది. ఏటా సంవత్సరారంభం వేళ విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి ఒకసారైనా వెళ్ళండి.

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కథారచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథల కోసమే దాన్ని నెలకొల్పారు. పాత పత్రికల్లో వచ్చి మరుగున పడిన కథలను కూడా సేకరించి భద్రపరిచారు. మనకు ఇంత దగ్గరలో ఉన్నా, హైదరాబాదు నుంచి వచ్చి చూసినవారు మన వీధిలో చూసినవారికంటే ఎక్కువమంది ఉంటారని నా అనుమానం. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఉంది; అక్కడ దిగి ఊళ్ళోకి వెళ్ళాలి.

ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికేవి చదవడం తప్పు కాదా?

అది పుస్తకాన్ని బట్టి ఉంటుంది. మన దేశంలో సాహిత్య రచనలకు రచయిత జీవించి ఉన్నంత కాలమూ, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళపాటూ కాపీహక్కు ఉంటుంది. ఆ గడువు దాటినవి ఎవరైనా చదవవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. తెలుగు వికీసోర్సులో అలాంటివి యూనికోడులో ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవులో పాత తెలుగు పుస్తకాల స్కాను ప్రతులు విస్తారంగా ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహిస్తున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో కూడా వెతకవచ్చు. ఇప్పుడు బతికున్న రచయిత పుస్తకాన్ని వాట్సాప్ గుంపులో పీడీఎఫ్‌గా పంచుకోవడం మాత్రం తప్పే. తెలుగులో ఒక ముద్రణ అమ్ముడుపోవడానికి రచయితలు పడే అవస్థ చూసినవారెవరూ ఆ పని చేయలేరు.

## చదవడం అలవాటయ్యాక

ఒకే సంగతిని రెండు పుస్తకాలు రెండు విధాలుగా చెబుతున్నాయి. ఏది నమ్మాలి?

ఈ ప్రశ్న అడిగే స్థితికి వచ్చారంటే మీ చదువు పనిచేయడం మొదలైంది. మన ఊళ్ళ సంగతే తీసుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అందులో చేరాయి. ఒడియాలో రాసిన చరిత్ర చదివితే అది పండుగ రోజు: ఒడియా మాట్లాడేవారి చిరకాల కోరిక తీరింది, ఆ కోరిక కోసం పాటుపడిన పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి పదవికి అప్పటి పేరు) అయ్యారు, ఇప్పుడు జిల్లాకే ఆయన పేరుంది. తెలుగులో రాసినది చదివితే అదే రోజు మరోలా ఉంటుంది: పర్లాకిమిడి తెలుగువారికి దక్కలేదన్న బాధతో, బతుకంతా అక్కడే గడిపిన గిడుగు రామమూర్తి డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు.

రెండు పుస్తకాల్లో ఏదీ అబద్ధం చెప్పలేదు. తేదీ ఒకటే, ఊరు ఒకటే, ఏ అరుగు మీద కూర్చుని చూశారన్నది వేరు. నేను చిన్నప్పుడు మా ఇంట్లో రెండో కథే విన్నాను. ఒడియా పుస్తకం చదివింది నలభై ఏళ్ళు వచ్చాక. అంతవరకు పక్కింటి ఒడియా మిత్రుడు ఏప్రిల్ 1న ఉత్కళ దివస్‌కు ఎందుకంత ఉత్సాహపడతాడో నాకు నిజంగా అర్థం కాలేదు, అడగాలని కూడా తోచలేదు. ఇప్పుడు ఆ రోజు వాళ్ళింటికి వెళ్ళి మిఠాయి తింటాను, గిడుగు సంగతి కూడా అక్కడే మాట్లాడుకుంటాం. కాబట్టి ఏది నమ్మాలని అడగడానికి ముందు, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరికోసం రాశారు, ఏది వదిలేశారు అని అడగండి. తేదీలు, అంకెలు, ఉత్తర్వులు రెండింటిలోనూ సరిపోలితే ఆ మేరకు నమ్మండి. మిగిలినదాన్ని ఇద్దరి మనసుల సాక్ష్యంగా ఉంచుకోండి.

చదివినకొద్దీ నాకేమీ తెలియదనిపిస్తోంది. ఉన్న ధైర్యం కూడా పోయింది.

కొంతకాలం అలాగే ఉంటుంది. ఇంతకు ముందు మీకు ఉన్నది తెలిసిన ధైర్యం కాదు, తెలియనితనం ఇచ్చిన ధైర్యం. అది పోవడం వల్ల నష్టం లేదు. దాని స్థానంలో "ఇంతవరకు నాకు తెలుసు, దీని తరవాత తెలియదు, అయితే ఎక్కడ వెతకాలో తెలుసు" అని తొణకకుండా చెప్పగలిగే స్థితి నెమ్మదిగా వస్తుంది. ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలకు నేను పదేపదే చెప్పేది ఇదే: తెలియని ప్రశ్నకు తెలియదని చక్కటి వాక్యంలో చెప్పడం కూడా సాధన చేసుకుని వెళ్ళండి.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. చదివినవారికి గర్వం రాదా?

చదవక ముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అన్నది కూడా అందుకే పుట్టింది. వస్తుంది, నాకూ వచ్చింది. పాతికేళ్ళ వయసులో పెళ్ళిభోజనాల దగ్గర కూడా పుస్తకాల పేర్లు వల్లించి బంధువులను విసిగించిన ఘనత నాది. ఒక మేనత్త నన్ను పక్కకు పిలిచి, "నాయనా, నువ్వు చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఎదుటివాళ్ళ మాట వినమని రాయలేదా?" అని అడిగింది. ఆమె చదువు మూడో తరగతి.

చదివిన పుస్తకమే మళ్ళీ చదవడం సమయం వృథా కదా?

పుస్తకం మారదు, చదివేవారు మారతారు. ఇరవై ఏళ్ళప్పుడు కొడుకు పక్షాన నిలబడి చదివిన నవలను యాభై ఏళ్ళప్పుడు తండ్రి పక్షాన నిలబడి చదివి, రెండుసార్లూ నేను రచయిత నా వైపే ఉన్నాడనుకున్నాను. మూడోసారి చదివితే తల్లి గురించి ఎక్కడా సరిగా పట్టించుకోలేదని తెలిసింది, రచయితా, నేనూ. సంవత్సరానికి ఒక పాత పుస్తకమైనా తిరిగి తీయండి.

## ఇంట్లో పిల్లలు, పెద్దలు

మా పిల్లవాడు ఒడియా పుస్తకం చదువుతాడు, తెలుగు పుస్తకం ముట్టుకోడు. ఏం చేయాలి?

చదువుతున్నాడు కదా, ముందు సంతోషించండి. చదివే అలవాటు ఒక భాషలో కుదిరితే రెండో భాషలోకి అది సులువుగా పాకుతుంది. తెలుగును బలవంతపు మందులా పోస్తే జన్మంతా దూరం జరుగుతాడు.

మా తరానికి ఒక వెసులుబాటు ఉండేది. 1947 జులైలో మొదలైన చందమామ తెలుగులో వచ్చినట్టే ఒడియాలో "జహ్నమాము" పేరుతో వచ్చేది. అవే బొమ్మలు, అవే కథలు. రెండు సంచికలూ పక్కపక్కన పెట్టుకుని, ఒడియాలో తెలిసిన కథను తెలుగులో ఊహించుకుంటూ మా వీధి పిల్లలు అక్షరాలు పట్టేశారు. ఇప్పుడు ఆ పత్రిక రావడం లేదు గాని ఆ పద్ధతి మీరూ పాటించవచ్చు: అతనికి ఒడియాలో బాగా తెలిసిన కథనే తెలుగులో వెతికి, రాత్రి పడుకునే ముందు మీరు చదివి వినిపించండి. ఉత్కంఠ దగ్గర పుస్తకం మూసి లేచి వెళ్ళండి. మిగతాది ఆ పుస్తకం చూసుకుంటుంది.

కథల పుస్తకాలు చదివితే మార్కులు తగ్గవా?

పరీక్షకు ముందు రోజు చదివితే తగ్గుతాయి. మిగతా రోజుల్లో ఎక్కువ చదివే పిల్లలకు ఎక్కువ మాటలు తెలుస్తాయి, మాటలు తెలిసినవారికి తరవాతి పుస్తకం సులువవుతుంది, సులువైనందువల్ల ఇంకా చదువుతారు. వడ్డీ మీద వడ్డీ పెరిగినట్టు ఈ తేడా ఏటేటా పెరుగుతుందని పరిశోధకులు కూడా గమనించారు. లెక్కల పేపరులో ప్రశ్న అర్థంకాక మార్కులు పోగొట్టుకున్న పిల్లలను నేను చాలామందిని చూశాను.

అమ్మకు అరవై దాటాయి. చదవాలని ఉంది గాని కళ్ళు సహకరించడం లేదంటోంది.

నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారడం సహజం. చత్వారం అన్న పేరులోనే ఆ నలభై ఉంది. ముందు కంటి వైద్యునికి చూపించండి, ఎందుకంటే అద్దాలతో తీరేదానికీ శుక్లానికీ తేడా ఇంట్లో తెలియదు. తరవాత పెద్ద అక్షరాల పుస్తకం, భుజం వెనుక నుంచి పడే దీపం, మంచి ఆనుడు ఉన్న కుర్చీ ఏర్పాటు చేయండి. మధ్యాహ్నం పనులయ్యాక ఆవిడను గంటసేపు ఎవరూ పిలవకుండా చూడండి. చాలా ఇళ్ళలో అడ్డుపడుతున్నది కళ్ళు కావు, పిలుపులు.

సముద్రపు గాలికి, తేమకు పుస్తకాలు బూజు పడుతున్నాయి. ఎలా కాపాడుకోవాలి?

బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ళు ఎడంగా, నేల నుంచి జానెడు ఎత్తున పెట్టండి. పుస్తకాలను బిగించి పేర్చకండి, మధ్యలో గాలి ఆడాలి. వానాకాలంలో పొడిగా ఉన్న రోజు చూసి తలుపులు తెరిచి ఉంచండి, రెండు నెలలకొకసారి ప్రతి పుస్తకమూ తీసి దులపండి. ఎండిన వేపాకు పెట్టడం మా ఇంటి అలవాటు. అన్నిటికంటే మేలైనది పుస్తకాన్ని తరచు చేతిలోకి తీసుకోవడం. ఎవరూ తెరవని పుస్తకాన్నే పురుగు ముందు తెరుస్తుంది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా కిటికీ రెక్క ఊడిపోయి, కింది వరస మొత్తం తడిసింది. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే అట్ట వంకర పోతుంది, బలవంతంగా తెరిస్తే పేజీలు చిరుగుతాయి. నిలువుగా కొంచెం విచ్చి నీడలో నిలబెట్టి, మధ్యమధ్య పాత వార్తాపత్రికల కాగితం పెట్టి, కాగితం తడిసినప్పుడల్లా మార్చాలి. కరెంటు రావడానికి రోజులు పట్టింది కాబట్టి వీధి పిల్లలు వంతులవారీగా విసనకర్రలతో విసిరారు. విసురుతూ విసురుతూ, ఆరిన పేజీని ఆరినట్టే చదువుతూ కూర్చున్నారు.